వేడికి చెదరని ఉత్ప్రేరకము

మోటారు వాహనములు విడుచు పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఇంజను నడిపినచో అది ప్రాణములను హరింపగలదు. ఆ విషమును బయటికి రాకమునుపే అణచుటకై పొగగొట్టపు మార్గములో కేటలిటిక్ కన్వర్టరు అను పరికరమును అమర్చుచున్నారు. మన దేశమున 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో కొత్త పెట్రోలు కార్లకు ఇది విధింపబడినది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. నేడు గ్రామముల బాటలపై తిరుగు కొత్త మోటారు సైకిళ్లలోను ఈ పరికరమున్నది. అది వేడికి ఎట్లు నిలుచునో పాఠకులకు తెలుపదలచితిమి.

ఇందు పనిచేయునవి ప్లాటినము, పల్లేడియము, రోడియము అను విలువైన లోహములు. పెండ్లిండ్ల పేరయ్య ఇరుపక్షములను కలిపి తాను మరియొక సంబంధమునకు సాగిపోవునట్లు, ఇవి విషవాయువును ప్రాణవాయువుతో కలిపి, తాము తరుగక నిలుచును. ఇట్టి వానిని ఉత్ప్రేరకములందురు.

లోహపు ఉపరితలము మాత్రమే ఈ పని చేయును. లోపలి భాగము వ్యర్థము. కావున లోహమును కొన్ని నానోమీటర్ల కణములుగా చేయుదురు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. ఒక ముద్దను వేయి సమాన కణములుగా విభజించినచో ఉపరితలము పది రెట్లగును.

అయితే ఇచటనే చిక్కు కలదు. ప్లాటినము 1768 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని కరగదు. కాని అంతకు ఎంతో తక్కువ వేడిలోనే, తామరాకుపై నీటిబొట్లవలె దాని సూక్ష్మకణములు కదలి ఒకటిగా కలియును. వేయి కణములు ఒక్కటైనచో ఉపరితలము పదవవంతునకు తగ్గును. లోహము అంతే యుండును, పని మాత్రము సన్నగిల్లును.

దీనికి విరుగుడు ఆధారపు ఎంపికలో నున్నది. అల్యూమినా అను ఆక్సైడు సూక్ష్మరంధ్రములతో నిండి, కణములను ఎడఎడముగా నిలుపును. దానికి కొంచెము లాంథనము చేర్చినచో ఆ రంధ్రములు వేడికి త్వరగా మూసుకొనవు. సీరియము ఆక్సైడు ప్లాటినమును గట్టిగా పట్టియుంచును. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు 800 డిగ్రీల వేడిలో చెదరిపోవు ప్లాటినము పరమాణువులను సీరియా ఉపరితలము విడివిడిగా బంధించునని చూపిరి. పల్లేడియము ఆక్సైడు స్ఫటికములోనికి పోయి, మరల బయటికి వచ్చుచు తనను తాను బాగుచేసికొను ఉత్ప్రేరకమును జపాను శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి.

శాస్త్రజ్ఞుల శ్రమ ఫలించుటకు వాహనదారుల జాగ్రత్తయు అవసరము. స్పార్కు ప్లగు చెడి పెట్రోలు సరిగా మండనిచో, ఆ పెట్రోలు కన్వర్టరులో మండి దానిని మితిమీరి కాల్చును. ఇంజను తడబడినవెంటనే బాగుచేయింపవలెను. కల్తీ ఇంధనము వాడరాదు. కన్వర్టరును తొలగింపరాదు. అది కాపాడునది బండిని కాదు, బండి వెనుక నడచు మన బిడ్డల ఊపిరిని.