టేబుల్ రంపంపై దళసరి చెక్కను చీల్చడం: బ్లేడు ఎంపిక – భద్రత

దళసరి చెక్కను అంచుపై నిలబెట్టి, దాని మందాన్ని నిలువునా చీల్చి పలుచని పలకలుగా చేయడాన్ని రీసాయింగ్ అంటారు. ఇందుకు బ్యాండ్ రంపం అనువైనది. అది లేని పనిశాలల్లో టేబుల్ రంపాన్నే ఆశ్రయిస్తారు. నునుపైన కోత కోసం ఎక్కువ పళ్ల బ్లేడును ఎంచుకోవడం ఈ పనిలో ఎందుకు ప్రమాదకరమో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

పళ్ల సంఖ్య

10 అంగుళాల (254 మి.మీ.) బ్లేడు చుట్టుకొలత సుమారు 798 మి.మీ. 24 పళ్లుంటే పంటికీ పంటికీ ఎడం 33 మి.మీ.; 60 పళ్లుంటే 13 మి.మీ. ఇటువంటి బ్లేడు సాధారణంగా బల్లపైకి 79 మి.మీ. వరకే లేస్తుంది. అంత లోతు కోతలో మొదటి బ్లేడు పళ్లు నాలుగైదు, రెండవదాని పళ్లు పదకొండు ఒకేసారి చెక్కలో ఉంటాయి. పళ్లు పెరిగినకొద్దీ వాటి మధ్య గుంటలు చిన్నవై, పొట్టు బయటికి పోదు. పళ్లు కోయడానికి బదులు రాచుకొని వేడి పుట్టిస్తాయి. అప్పుడు పనివారు చెక్కను మరింత బలంగా నెడతారు. చేయి జారే ప్రమాదం అక్కడే ఉంది. కనుక చదును మొనలు, లోతైన గుంటలు గల 24 పళ్ల నిలువుకోత బ్లేడు తగినది. టేకులోని సిలికా పదునును త్వరగా హరిస్తుంది కాబట్టి కార్బైడు మొనలు అవసరం.

గాడి వెడల్పు

సాధారణ బ్లేడు చేసే గాడి సుమారు 3.2 మి.మీ., పలుచని బ్లేడు గాడి 2.4 మి.మీ. ఉంటుంది. రెండవది మోటారు భారాన్ని తగ్గిస్తుంది కాని లోతు కోతలో తేలికగా వంగుతుంది. కోసేటప్పుడు చెక్కలోని అంతర్గత ఒత్తిడి విడుదలై గాడి మూసుకోవచ్చు. అప్పుడు బ్లేడు వెనుక పళ్లు చెక్కను ఎత్తి మనిషి మీదికి విసురుతాయి. ఇదే కిక్‌బ్యాక్. నిమిషానికి 4000 చుట్లు తిరిగే ఈ బ్లేడు మొనల వేగం గంటకు సుమారు 190 కి.మీ. బ్లేడు వెనుక అమర్చే రైవింగ్ నైఫ్ గాడిని మూసుకోనివ్వదు. దాని మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, గాడి కన్నా తక్కువ ఉండాలి. బ్లేడు మార్చిన ప్రతిసారీ ఈ కొలతను సరిచూడాలి.

కోసే క్రమం

150 మి.మీ. వెడల్పు చెక్కను ఒకే కోతలో చీల్చలేము. ఒకే ముఖాన్ని ఫెన్స్‌కు ఆనించి, రెండు అంచుల నుండి విడతలవారీగా లోతు పెంచుతూ కోయాలి. మధ్యలో సుమారు 6 మి.మీ. మిగిల్చి, దానిని చేతి రంపంతో కోయడం క్షేమకరం. చెక్కను తోపుడు కర్రతోనే నెట్టాలి. చేతి తొడుగులు ధరించరాదు.

ముగింపు

తక్కువ పళ్ల బ్లేడు మిగిల్చే గరుకును చిత్రికతో సవరించవచ్చు. తెగిన వేలిని సవరించే పనిముట్టు లేదు. కనుక రీసాయింగ్‌లో నునుపు తరువాతి దశకు, భద్రత తొలి దశకు చెందినవి.