రక్తపరీక్షలో ‘ఆస్ట్రేలియా’ పేరు ఎందుకు?

గర్భిణీ స్త్రీలకు చేసే రక్తపరీక్షల్లో ‘హెచ్‌బీఎస్ ఏజీ’ ఒకటి. కొన్ని ల్యాబుల్లో దీనినే ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అంటారు. “మేము ఊరు దాటి వెళ్లలేదు, మాకు ఆస్ట్రేలియా జబ్బేమిటి?” అని కంగారుపడేవారు ఉన్నారు. ఈ పేరు వెనుక ఒక పరిశోధకుని జీవితకాల కృషి ఉంది. అది తెలుసుకుంటే ఈ పరీక్ష ఎందుకు చేస్తామో మీకే అర్థమవుతుంది.

ఆయన పేరు డాక్టర్ బరూచ్ బ్లమ్‌బర్గ్. 1925 జూలై 28న న్యూయార్క్‌లో జన్మించారు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు 1950లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో కొన్ని నెలలు పనిచేశారు. అక్కడ ఒకే ప్రాంతంలో అనేక జాతులవారు నివసించేవారు. అయినా బోదకాలు వంటి జబ్బులు కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా వచ్చేవి. ఈ తేడా ఎందుకన్న ప్రశ్న ఆయనను వదలలేదు. ఆ తర్వాత అనేక దేశాలకు వెళ్లి, పలు జాతుల ప్రజల రక్తనమూనాలు సేకరించి పోల్చి చూశారు.

1963లో ఆయన, డాక్టర్ హార్వీ ఆల్టర్ కలిసి పనిచేస్తుండగా ఒక వింత కనిపించింది. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫిలియా రోగి సీరం, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరంతో కలిసినప్పుడు చిన్న గీత ఏర్పడింది. ఆ కొత్త పదార్థానికే ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టారు. అంతేగాని జబ్బు ఆస్ట్రేలియా నుండి వచ్చిందని దాని అర్థం కాదు.

మొదట అది ఏమిటో వారికీ తెలియలేదు. కొంతకాలానికి, ముందు పరీక్షలో యాంటిజెన్ లేని ఒక రోగికి తర్వాతి పరీక్షలో అది కనిపించింది. ఈ మధ్యకాలంలో అతని కాలేయానికి వాపు వచ్చింది. 1967లో బ్లమ్‌బర్గ్ ల్యాబులో పనిచేసే ఒక ఉద్యోగినికి కూడా కాలేయ వాపు వచ్చి, ఆమె రక్తంలోనూ అదే కనిపించింది. చివరకు అది హెపటైటిస్ బి వైరస్ పై పొర అని తేలింది. దానితో రక్తదాతల రక్తాన్ని ముందే పరీక్షించడం సాధ్యమైంది. ఆ పై పొరనే టీకాగా వాడవచ్చని 1969లో బ్లమ్‌బర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ ప్రతిపాదించారు. 1976లో బ్లమ్‌బర్గ్‌కు నోబెల్ బహుమతి లభించింది.

మొదటి టీకాను రక్తం నుండి తయారుచేశారు. తర్వాత ఈస్ట్ అనే సూక్ష్మ శిలీంధ్రంతో ఆ పై పొరను తయారుచేయడం నేర్చుకున్నారు. అందులో వైరస్ ఉండదు కాబట్టి టీకా వల్ల ఈ జబ్బు రాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ పద్ధతిలోనే టీకా తయారుచేసి, సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది.

2022లో ప్రపంచంలో సుమారు 25 కోట్ల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బితో ఉన్నారని, ఆ ఒక్క ఏడాదే సుమారు 11 లక్షల మంది దీనివల్ల మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. పెద్దవారికి ఈ వైరస్ సోకితే నూటికి 95 మందికి పైగా దానంతట అదే తగ్గిపోతుంది. అందుకే కామెర్లకు పసరు పోయించుకున్నవారు పసరు వల్లే తగ్గిందని నమ్ముతారు. కాని కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకితే, టీకా వేయని పక్షంలో, నూటికి 90 మంది శిశువుల్లో అది ఉండిపోతుంది. ఏ బాధా తెలియకుండానే ఏళ్ల తరబడి కాలేయాన్ని దెబ్బతీసి, కొందరిలో సిర్రోసిస్‌కు, క్యాన్సర్‌కు దారితీస్తుంది. పసరు ఈ వైరస్‌ను చంపలేదు.

కాబట్టి మీరు చేయవలసినవి:

• బిడ్డ పుట్టిన 24 గంటల లోపు మొదటి టీకా తప్పక వేయించండి. “స్నానం అయ్యాక, పేరు పెట్టాక” అని వాయిదా వేయవద్దు. 6, 10, 14 వారాల మోతాదులూ పూర్తిచేయించండి.

• తల్లికి పాజిటివ్ అయితే ఆ సంగతి కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పండి. బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్ కూడా వేస్తారు. తల్లి పాలు ఇవ్వవచ్చు.

• భర్త, ఇతర కుటుంబసభ్యులు పరీక్ష చేయించుకోండి. బ్లేడు, టూత్‌బ్రష్, సిరంజి ఒకరిది మరొకరు వాడవద్దు.

• కలిసి భోంచేయడం వల్ల, తాకడం వల్ల ఇది అంటదు. కోడలికి కంచం, గ్లాసు వేరుచేసి బాధపెట్టవద్దు. ఆమెకు కూడా చిన్నతనంలో తెలియకుండా సోకి ఉండవచ్చు.

• పాజిటివ్ వచ్చినవారందరికీ మందులు అవసరం ఉండదు. కాలేయ పరీక్షలు మాత్రం క్రమంగా చేయించుకోవాలి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద 2018 నుండి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది.

డాక్టర్ బ్లమ్‌బర్గ్ 2011లో మరణించారు. ఆయన పుట్టినరోజైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తున్నారు. ఇక మీ రిపోర్టులో ‘ఆస్ట్రేలియా’ అన్న మాట కనిపిస్తే భయపడకండి, దాచిపెట్టకండి. ఆ కాగితం తీసుకుని మా దగ్గరకు రండి.