కారుకు వణుకా? ‘ఎప్పుడు’ వస్తోందో చూడండి

తిరుత్తణి, తిరువళ్లూరు:

ఆడి కృత్తికకు కుటుంబమంతా తిరుత్తణి బయలుదేరారు. కొండ కింద వాహనాల బారు. బండి నిలిచింది. అంతే... స్టీరింగ్ వణకడం మొదలైంది. ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతోంది. ఏసీ వేయగానే ఇంజిన్ ఆగిపోయింది. వెనక హారన్ల మోత. బండి నిండా పిల్లలు, పెద్దలు. చెమటలు పట్టవా మరి!

మర్నాడు షెడ్డుకు తీసుకెళ్లి ‘వండి ఉదరుదు’ అని ఒక్క మాట చెప్పి తాళాలు ఇచ్చేస్తాం. ఇక ప్లగ్గులు, కాయిళ్లు, సెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. బిల్లు పెరుగుతుంది, వణుకు తగ్గదు. ఎందుకంటే ఎప్పుడు ఉదురుతోందో మనం చెప్పలేదు, మెకానిక్ అడగలేదు. సగం రోగం ఆ ‘ఎప్పుడు’లోనే తెలిసిపోతుంది.

స్క్రూ తిప్పే రోజులు పోయాయి

పాత అంబాసిడర్లలో కార్బురేటర్ ఉండేది. ఇంజిన్ నిలకడ తప్పితే స్క్రూ కాస్త తిప్పి సరిచేసేవారు. హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్లూరు కర్మాగారంలో 1998లో లాన్సర్ల తయారీ మొదలయ్యేనాటికే ఇంజెక్షన్ విధానం వచ్చేసింది. ఇప్పటి కార్లలో గాలి, పెట్రోలు ఎంతెంత పోవాలో కంప్యూటరే తేలుస్తుంది. స్క్రూ తిప్పి రోగాన్ని దాచే వీల్లేదు.

ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడమే ఐడ్లింగ్. వేడెక్కాక చాలా పెట్రోలు కార్లలో నిమిషానికి 700 నుంచి 900 చుట్ల దాకా ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేశాక ఒకటి రెండు నిమిషాలు వెయ్యి దాటినా, ఏసీ వేస్తే కాస్త పెరిగినా కంగారు పడొద్దు. అది మామూలే.

ముందు ముల్లు చూడండి

ముల్లు నిలకడగా ఉండి బండి మాత్రం అదురుతుంటే, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు పాడై ఉండొచ్చు. ముల్లు కూడా ఊగుతుంటే గాలి, పెట్రోలు, నిప్పురవ్వ... ఈ మూడింటిలో ఏదో లెక్క తప్పినట్టే.

• నిలిచినప్పుడు వణికి, ఇంజిన్ వేగం పెంచితే సర్దుకుంటోందా? ఏదో పైపు చీలి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతూ ఉండొచ్చు. మన ఎండలకు, ఇంజిన్ వేడికి రబ్బరు పైపులు పెళుసెక్కుతాయి. బానెట్ ఎత్తి ‘స్‌స్’మనే శబ్దం వస్తోందేమో వినండి.

• ఏసీ వేసినా, సిగ్నల్ దగ్గర నిలిపినా ఆగిపోతోందా? త్రాటిల్ బాడీలో మసి పట్టిందేమో చూపించండి. శుభ్రం చేయిస్తే చాలాసార్లు కుదురుతుంది. ఆ తర్వాత కొన్ని కార్లలో స్కానర్‌తో ఐడ్లింగ్ మళ్లీ సెట్ చేయాలి. పనిలో పనిగా ఏర్ ఫిల్టర్ దుమ్మూ చూడండి.

• నిలిచినప్పుడూ కుదుపే, ఎత్తు ఎక్కేటప్పుడూ కుదుపేనా? ప్లగ్గో, కాయిలో అనుమానించాలి.

• పెట్రోలు పోయించిన వెంటనే మొదలైందా? బంకు రసీదు దాచుకోండి. పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులోకి నీరు చేరితే చిక్కే. పాత కార్లయితే రబ్బరు పైపులు కూడా చూపించుకోవాలి.

• గ్యాస్ కిట్ ఉందా? పెట్రోలుకు మార్చి చూడండి. వణుకు పోతే లోపం గ్యాస్ వైపు ఉండొచ్చు.

• డీజిల్ బండి అయితే నిప్పురవ్వ ప్లగ్గులుండవు. ఫిల్టర్‌లో నీరు, ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు చూడాలి.

పైసా ఖర్చు లేని పరీక్ష

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించి, కోడ్ రాయించుకోండి. పి0302 అని వస్తే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ అని అర్థం. సిలిండర్‌కో కాయిల్ ఉన్న బండిలో, ఇంజిన్ ఆపి, రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చమనండి. కోడ్ పి0303గా మారితే దోషం కాయిల్‌ది. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్ వైపు వెళ్లాలి. కొత్తది కొనకముందే తేలిపోతుంది.

పి0171 వస్తే ‘గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ’ అని మాత్రమే. సెన్సర్ పోయిందని కాదు. నొప్పి ఎక్కడో కోడ్ చెబుతుంది, కారణం మనమే వెతకాలి.

లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే అదే పనిగా నడపొద్దు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖర్చు ఏపాటి? ఇంజిన్ తిరుగుతుండగా ప్లగ్ వైర్లు పీకడం, గాలి లీకు పట్టడానికి పెట్రోలు చల్లడం అసలే వద్దు. మొదటిది షాక్ కొడుతుంది, రెండోది బండినే తగలబెడుతుంది.

కొండ దిగేటప్పుడు జాగ్రత్త

వణుకును తేలిగ్గా తీసుకోకూడదనడానికి అసలు కారణం ఇదీ. కొండ దారిలో ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండుసార్లు తొక్కేసరికి అయిపోతుంది. పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అయినా బ్రేకు పోలేదు, సాయమే పోయింది. పదేపదే కొట్టకుండా ఒక్కసారే గట్టిగా, వదలకుండా తొక్కి పక్కకు ఆపండి. బండి నిలిచాక హ్యాండ్ బ్రేక్ వేయండి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపేసి కొండ దిగే అలవాటుంటే ఈరోజే మానేయండి.

ఈసారి షెడ్డుకు వెళ్లేముందు ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీతోనా, లేకుండానా? నిలిచినప్పుడేనా, పరుగులోనూనా? ముల్లు ఊగుతోందా, లేదా? తెలుగులో చెప్పినా, తమిళంలో చెప్పినా మెకానిక్‌కు పని సగం తగ్గుతుంది. మీకు బిల్లూ తగ్గుతుంది.