డబుల్సే కదా అంటారేంటి?

సానియా మీర్జా పేరు వచ్చినప్పుడల్లా మా ఆఫీస్ క్యాంటీన్‌లో ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది. "గొప్ప ప్లేయరే... కానీ డబుల్సే కదా!" ఆ 'కదా'లో చాలా ఉంటుంది. సింగిల్స్‌లో నెగ్గుకురాలేక పక్కదారి పట్టిందని, పార్ట్‌నర్ మంచిదై గెలిచిందని... ఇలా రకరకాలు. మొన్నామధ్య ఇదే విషయం మీద గంటసేపు వాదించుకున్నాం. టీలు చల్లారాయి తప్ప ఎవరూ తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. సానియా ఇరవయ్యేళ్ల కెరీర్‌లో బెస్ట్ డెసిషన్ ఏదంటే, 2013లో సింగిల్స్ ఆపేయడమే. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆమె సింగిల్స్ ఏ రేంజ్‌లో ఆడిందో తెలియాలి. మనలో చాలామందికి అది గుర్తు లేదు. వయసు అలాంటిది మరి, నేనే అప్పుడు రెండో తరగతి!

ఆమెకు ముందు పరిస్థితి చూడండి. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో ఇండియా అమ్మాయి ఒక్క మ్యాచ్ గెలవడమే పెద్ద వార్త. 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నిరుపమా వైద్యనాథన్ ఆ పని చేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఏడేళ్ల తర్వాత అదే మెల్‌బోర్న్‌లో 18 ఏళ్ల సానియా మూడో రౌండ్ దాకా వెళ్లింది. అక్కడ ఎదురైంది సెరెనా విలియమ్స్. 6-1, 6-4తో ఓడిపోయింది. ఆ ఏడాది టైటిల్ సెరెనాదే.

తర్వాతి నెల, 2005 ఫిబ్రవరిలో, మన హైదరాబాద్‌లోనే, ఎల్బీ స్టేడియం టెన్నిస్ కోర్టులో ఉక్రెయిన్ ప్లేయర్ అల్యోనా బొండారెంకోను ఫైనల్లో మూడు సెట్లలో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు అయింది. ఆ వెంటనే దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2తో పంపించేసింది. సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. ఇదంతా ఒక్క ఏడాదిలో! డబ్ల్యూటీఏ ఆమెకు ఆ ఏడాది ఉత్తమ కొత్త ప్లేయర్ అవార్డు ఇచ్చింది. మా వీధిలో అక్కలందరికీ సానియా ముక్కుపుడక పిచ్చి పట్టింది కూడా అప్పుడే. పొట్టి స్కర్టుల మీద గొడవ, సెక్యూరిటీ గార్డులు, టీ షర్టు మీద రాతల మీద చర్చ... అవన్నీ మీరు వినే ఉంటారు, నేను మళ్లీ తవ్వను.

2007 ఆగస్టులో ఆమె సింగిల్స్ ర్యాంక్ 27. ఇండియా అమ్మాయిల్లో టాప్ 100లోకి వెళ్లిన మొదటి ప్లేయరే ఆమె. 27 అంటే ఇంకేం చెప్పాలి! ఆ తర్వాత ఇంకే భారతీయురాలూ ఆ దరిదాపులకు చేరలేదు.

ఆమె ఆయుధం ఫోర్‌హ్యాండ్. ఎంత గట్టిగా వచ్చిన బంతినైనా అంతకంటే గట్టిగా, చదునుగా తిప్పికొట్టేది. సర్వ్ మాత్రం యావరేజ్. కోర్టులో ఆ మూల నుంచి ఈ మూలకు పరిగెత్తడంలో టాప్ టెన్ వాళ్లంత వేగం లేదు. పాయింట్ త్వరగా ముగిస్తే ఆమెది, సాగితే అవతలివాళ్లది అన్నట్టుండేది.

అలాంటి ప్లేయర్‌కు ఎక్కడ దెబ్బ తగలకూడదో అక్కడే తగిలింది. కుడి మణికట్టు.

2008 బీజింగ్ ఒలింపిక్స్. మొదటి రౌండ్‌లో చెక్ ప్లేయర్ ఇవెటా బెనెసోవాతో మ్యాచ్. 1-6, 1-2 దగ్గర ఇక రాకెట్ పట్టుకోలేక కోర్టు వదిలేసింది. యూఎస్ ఓపెన్ కూడా పోయింది. ఆ చేత్తో జుట్టు దువ్వుకోవడం కూడా కష్టమైందని, మూడు నాలుగు నెలలు డిప్రెషన్‌లో ఉన్నానని, కారణం లేకుండానే ఏడుపొచ్చేదని చాలా ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. నాకు రెండేళ్ల కిందట మౌస్ పట్టీ పట్టీ మణికట్టు నొప్పి పట్టుకుంది. పట్టీ కట్టుకుని ఎడమ చేత్తో కోడ్ టైప్ చేసిన రెండు వారాల్లోనే నాకు ప్రపంచం మీద చిరాకు వచ్చింది. ఇక ఆ చెయ్యే జీవనాధారమైన మనిషి సంగతి ఊహించుకోవాల్సిందే.

ఆమె తిరిగొచ్చింది. కానీ మోకాళ్లకు, మణికట్టుకు ఆపరేషన్లయిన శరీరంతో సింగిల్స్ ఆడటం అంటే ఏంటో ఇక్కడ ఒకసారి లెక్క వేద్దాం. ఇంజినీర్ బుద్ధి, లెక్క లేనిదే నమ్మకం కుదరదు.

టెన్నిస్ కోర్టు సింగిల్స్‌కు 27 అడుగుల వెడల్పు, డబుల్స్‌కు 36 అడుగులు. అంటే సింగిల్స్‌లో 27 అడుగులూ ఒక్కళ్లే కాయాలి. డబుల్స్‌లో మనిషికి సుమారు 18 అడుగులు పడుతుంది. సింగిల్స్‌లో రెండు గేములకోసారి సర్వ్ చేయాలి, డబుల్స్‌లో నాలుగు గేములకోసారి. రిటర్నులు కూడా చెరి సగం. పైగా మామూలు డబ్ల్యూటీఏ టోర్నీల డబుల్స్‌లో డ్యూస్ దగ్గర ఒక్క పాయింటే, అది గెలిచినవాళ్లదే గేమ్. మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. మోకాలికి, మణికట్టుకు ఎంత భారం తగ్గుతుందో మీరే చూడండి.

"మరి ఈజీ కదా, అదే మేమూ అంటున్నాం" అంటారేమో. ఆగండి. శరీరానికి తగ్గిన భారం నరాల మీద పడుతుంది. నలుగురూ నెట్‌కు దగ్గరగా ఉంటే బంతి ఇంటూ అంటూ క్షణంలో వచ్చేస్తుంది, ఆలోచించే టైమ్ ఉండదు. డ్యూస్ దగ్గర ఒక్క పాయింటే అన్నామంటే, తప్పు చేస్తే సర్దుకునే ఛాన్స్ లేదనే అర్థం. సింగిల్స్‌లో మీ బలహీనతను పరుగుతో కప్పిపుచ్చుకోవచ్చు. ఇక్కడ అవతలి ఇద్దరూ దాన్నే పట్టుకుని కొడతారు. అందుకే సింగిల్స్ స్టార్లు సరదాగా డబుల్స్ ఆడటానికొచ్చి చాలాసార్లు అనామక జంటల చేతుల్లో ఓడిపోతుంటారు.

సానియా దగ్గర ఉన్న సరుకు ఈ ఆటకు అచ్చంగా సరిపోయింది. ఆ ఫోర్‌హ్యాండ్ రిటర్న్ నెట్ దగ్గర నిలబడ్డవాళ్ల ఒంటి మీదికి వస్తే ఏం చేస్తారు? అటు పరుగులో ఉన్న లోటు బయటపడే అవకాశం కూడా సగమైంది. ఈ మ్యాచింగ్‌ను ఆమె ముందుగానే గుర్తించింది, ఒకేసారి దూకలేదు. 2009లో మహేశ్ భూపతితో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. సీనియర్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన మొదటి భారతీయురాలు. 2011లో ఎలెనా వెస్నినాతో ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ దాకా వెళ్లింది. 2012లో మళ్లీ భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్.

అదే నెలలో లండన్ ఒలింపిక్స్ సెలెక్షన్ రచ్చ. భూపతి, బోపన్న ఇద్దరూ లియాండర్ పేస్‌తో ఆడం అన్నారు. సర్దుబాటు చేయాలని టెన్నిస్ సంఘం పేస్‌కు మెన్స్ డబుల్స్‌లో మన హైదరాబాదీ విష్ణువర్ధన్‌ను, మిక్స్‌డ్‌లో సానియాను ఇచ్చేసింది. ఆమెను ఓ మాట అడిగారా అన్నది వేరే సంగతి! అలిగిన సీనియర్‌ను బుజ్జగించడానికి తనను ఎరగా వాడారంటూ ఆమె ఓ ఘాటైన ప్రకటన విడుదల చేసింది. అయినా దేశం తరఫున ఆడింది, ఆ జంట క్వార్టర్స్‌లో ఓడింది. డబుల్స్‌లో పార్ట్‌నర్‌ను ఎంచుకోవడం సగం ఆట. ఆ సగాన్ని ఇంకెవరో ఆమె కోసం నిర్ణయించారు. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

2013లో సింగిల్స్‌కు గుడ్‌బై చెప్పాక సీన్ మారిపోయింది. 2014లో బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్. అదే ఏడాది సింగపూర్‌లో జింబాబ్వే ప్లేయర్ కారా బ్లాక్‌తో డబ్ల్యూటీఏ ఫైనల్స్ టైటిల్, అదీ 6-1, 6-0తో.

ఆ తర్వాత వచ్చింది మార్టినా హింగిస్. 16 ఏళ్లకే సింగిల్స్ నంబర్ వన్ అయిన మనిషి. వీళ్లిద్దరికీ పాత లెక్కలున్నాయి. 2006లో కోల్‌కతాలో సెమీస్‌లో హింగిస్ 6-1, 6-0తో సానియాను చిత్తు చేసింది. కొన్ని రోజులకే సియోల్‌లో సానియా ఒక సెట్ వెనకపడి మరీ హింగిస్‌ను ఓడించింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2015 మార్చిలో, ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. వెనక నుంచి సానియా కొట్టుడు, నెట్ దగ్గర హింగిస్ తెలివి. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్... కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ వరసగా గెలిచేశారు. ఏప్రిల్ 13న సానియా ప్రపంచ డబుల్స్ నంబర్ వన్. ఇండియా అమ్మాయి ఒకరు ఆ ప్లేస్‌లో కూర్చోవడం అదే మొదలు.

ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్. మకరోవా, వెస్నినాలతో. నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నా. జియో ఇంకా రాలేదు, డేటా ప్యాక్ ప్రాణంలా దాచుకునే రోజులు. వీడియో సంగతి దేవుడెరుగు, స్కోరు పేజీ రిఫ్రెష్ కొట్టడమే. మొదటి సెట్ 5-7 పోయింది. రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో 2-5 అని చూసి నా రూమ్మేట్ దుప్పటి ముసుగేశాడు. 3-5. 4-5. 5-5. అక్కడ స్కోరు కదలడం మానేసింది. నెట్ పోయిందనుకుని ఫోన్‌ను రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశా. తర్వాత తెలిసింది, అక్కడ వెలుతురు తగ్గి సెంటర్ కోర్టు పైకప్పు మూస్తున్నారని. లైట్లు వేశాక వరసగా రెండు గేములు. 7-5. సానియాకు మహిళల డబుల్స్‌లో అదే మొదటి గ్రాండ్‌స్లామ్. రూమ్మేట్‌ను లేపి చెప్తే తిట్టాడనుకోండి.

సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్, ఏడాది చివర్లో డబ్ల్యూటీఏ ఫైనల్స్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. 2016 ఫిబ్రవరిలో దోహాలో కసాట్కినా, వెస్నినా ఆ వరసకు బ్రేకు వేశారు. 41 సార్లు ఓడకుండా ఉండటం 'పార్ట్‌నర్ పుణ్యం' అనేవాళ్ల కోసం ఇంకో సంగతి ఉంది. ఆ ఆగస్టులో ఇద్దరూ విడిపోయారు. టెన్నిస్‌లో డబుల్స్ ర్యాంక్ జంటకు ఉండదు, ఎవరి పాయింట్లు వాళ్లవే. అప్పటికి ఇద్దరూ కలిసి నంబర్ వన్‌లో ఉన్నారు. విడిపోయిన వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఎదురుపడ్డారు, సినిమా స్క్రిప్టులా. సానియా పక్కన బార్బొరా స్ట్రిత్సోవా, హింగిస్ పక్కన కోకో వాండెవే. 7-5, 6-4తో సానియా జంట గెలిచింది. నంబర్ వన్ కుర్చీ ఒక్కదానిదే అయింది. మొత్తం మీద 91 వారాలు ఆమె ఆ కుర్చీలో ఉంది.

దీనికి ముందు వారమే రియోలో బోపన్నతో కలిసి కాంస్యం మ్యాచ్ ఓడిపోయింది. ఒలింపిక్ పతకం లేకుండానే కెరీర్ ముగిసింది. అది లోటే, కాదనను.

2018 అక్టోబర్‌లో కొడుకు ఇజాన్ పుట్టాడు. నాలుగు నెలల్లో 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబార్ట్‌లో తిరిగి రాకెట్ పట్టింది. ఉక్రెయిన్‌కు చెందిన నదియా కిచెనోక్‌తో ఆడిన ఆ మొదటి టోర్నీ టైటిలే గెలిచింది. 33 ఏళ్లకు, తల్లయ్యాక, రెండేళ్లకు పైగా గ్యాప్ తర్వాత. సింగిల్స్‌నే పట్టుకుని వేలాడి ఉంటే ఆ మోకాళ్లు అప్పటిదాకా ఉండేవా? నాకైతే డౌటే. బోపన్ననే చూడండి. 2024లో 43 ఏళ్ల వయసులో డబుల్స్ నంబర్ వన్ అయ్యాడు, ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు.

సానియా చివరి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ కూడా అతనితోనే, 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో. బ్రెజిల్ జంట స్టెఫానీ, మాటోస్ చేతిలో ఓడిపోయారు. మైక్ పట్టుకుని మాట్లాడుతూ ఏడ్చేసింది. 2005లో సెరెనాతో ఆడింది ఇక్కడేనని గుర్తు చేసుకుంది. తర్వాతి నెల దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో ఆడిన ఆఖరి టోర్నీలో మొదటి రౌండే దాటలేదు. 6-4, 6-0. లెక్క చూస్తే 43 డబుల్స్ టైటిళ్లు, అన్నీ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్.

మార్చి 5న హైదరాబాద్‌లో వీడ్కోలు పెట్టుకుంది, ఎల్బీ స్టేడియంలోనే. సింగిల్స్ టైటిల్ గెలిచిన కోర్టు అది. బోపన్న, కారా బ్లాక్, బెథనీ మాటెక్-శాండ్స్ లాంటి పాత జోడీలు చాలామంది వచ్చారు. ఆ సాయంత్రం ఆమె ఆడినవి మిక్స్‌డ్ డబుల్స్ మ్యాచ్‌లు.