బంపర్‌కి గీత పడిందా? కంగారు పడకండి!

పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చారు. కారు గేట్లోకి తిప్పుతుంటే 'కర్ర్...'మని చప్పుడు. గుండె గుభేలుమంటుంది! దిగి చూస్తే బంపర్ మీద జానెడు గీత. ఎంత వదులుతుందోనన్న బెంగ ఒకపక్క, సాయంత్రం ఆయన ఏమంటారోనన్న బెంగ ఇంకోపక్క.

మా పక్కింటావిడకు సరిగ్గా ఇలాగే అయింది. దగ్గర్లో ఉన్న షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు వంగి కూడా చూడకుండా "మొత్తం మార్చాలి మేడమ్" అన్నాట్ట. పాపం, నమ్మి మార్పించేసింది. ఆపైన ఇంట్లో సాధింపులు. రెండు నెలలు కారు తాళం ముట్టుకోలేదావిడ! తీరా చూస్తే అది రంగు వేస్తే పోయే గీతే. అందుకే షెడ్డు వెతికేముందు దెబ్బ ఎలాంటిదో మీరే చూసుకోండి.

ఇంట్లోనే పరీక్ష

ముందు సబ్బునీళ్లతో కడగండి. ఒక్కోసారి గోడకున్న రంగే బంపర్‌కి అంటుకుని గీతలా కనిపిస్తుంది. తర్వాత గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తట్టుకోకపోతే గీత పైపైదే, పాలిష్‌తో పోవచ్చు. గోరు దిగబడితే లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగు వెయ్యాల్సిందే.

ఇప్పటి కార్ల బంపర్లు చాలావరకు ప్లాస్టిక్‌వి. చిన్న సొట్టయితే వేడిచేసి వెనకనుంచి నొక్కితే పైకి వస్తుంది. చిన్న పగులైతే ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతుకుతారు. లోపలి క్లిప్పులు విరిగితే, క్లిప్పులు మారిస్తే చాలు. బంపర్ ముక్కలైనా, బిగించే చోట్లు ఊడిపోయినా అప్పుడే కొత్తది.

షెడ్డు ఎక్కడ?

బండి వారంటీలో ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్లోనే అడగండి. లేదంటే టింకరింగ్, పెయింటింగ్ చేసే షెడ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్, హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్ ఇలాంటి పనులకు పేరుపడ్డవే. కనీసం రెండుమూడు చోట్ల అడగండి. చీర కొనడానికి నాలుగు కొట్లు తిరుగుతాం, దీనికి తిరగొద్దూ!

అడిగేటప్పుడు ఈ నాలుగూ మరిచిపోకండి:

• బాగుచెయ్యడానికెంత, మార్చడానికెంత? విడివిడిగా కాగితం మీద రాసివ్వమనండి.
• రంగు దేన్నిబట్టి కలుపుతారు? ప్రతి కారుకీ రంగు కోడ్ ఉంటుంది. దాన్ని చూసే కలపాలి.
• ప్లాస్టిక్‌కి వాడే ప్రైమర్ కొడతారా? అది లేకపోతే కొన్నాళ్లకి రంగు పెచ్చులూడుతుంది.
• ఎన్నిరోజులు పడుతుంది? పని బాగోకపోతే మళ్లీ చేసిస్తారా?

అక్కడ పని పూర్తయిన బండి ఏదైనా ఉంటే చూపించమనండి. మాటలకన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఇన్సూరెన్స్ వాడాలా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏడాదిపాటు క్లెయిమ్ చెయ్యకపోతే, సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. ఏటేటా పెరిగి ఐదేళ్లకు 50 శాతం అవుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మామూలుగా ఆ బోనస్ సున్నాకి పడిపోతుంది!

లెక్క వేసుకుందాం. మీ ప్రీమియం 8,000, బోనస్ 50 శాతం అనుకోండి. అంటే ఏటా 4,000 మిగులుతోంది. రిపేరు ఖర్చు 3,000. చిన్న కార్లకి మొదటి 1,000 మనమే పెట్టుకోవాలి. అంటే చేతికొచ్చేది 2,000కి మించదు, పోయేది 4,000. అలాంటప్పుడు జేబులోంచి ఇచ్చుకోవడమే మేలు. కొత్త బంపర్ వెయ్యక తప్పకపోతే మాత్రం క్లెయిమ్ గురించి ఆలోచించండి. కాకపోతే మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో సగమే ఇస్తారు. జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ కోత ఉండదు. అన్నట్టు, ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లకి వెంటనే చెప్పాలి.

బండి తీసుకునేటప్పుడు

పగలే వెళ్లండి. ట్యూబ్‌లైటు వెలుగులో రంగు తేడా తెలియదు. బంపర్‌కీ పక్క రేకుకీ మధ్య సందు రెండువైపులా సమానంగా ఉందా చూడండి. లైట్లు వేసి చూడండి. రివర్స్ సెన్సర్ ఉంటే అది మోగుతోందో లేదో అక్కడే పరీక్షించండి. బిల్లు అడిగి తీసుకోండి.

అన్నట్టు, మా పక్కింటావిడ కారుకి మొన్న మళ్లీ చిన్న గీత పడింది. ఈసారి తనే రెండు షెడ్లు తిరిగి, బేరమాడి, బాగుచేయించుకుని వచ్చింది. మర్నాడు పొద్దున్నే యథాప్రకారం పిల్లల్ని స్కూల్లో దింపింది. ఇంట్లో ఆయనకి చెప్పారా అంటే, "బిల్లు చూపించి మరీ చెప్పాను" అంది నవ్వుతూ. గీతదేముందండీ, రంగు వేస్తే పోతుంది. దానికి భయపడి మీరు మాత్రం తాళం మేకుకి తగిలించెయ్యకండి!