రెండు తీగలలోని లిపి

మామిడిపల్లి పరిసరాల ప్రజలకు విమానధ్వని నిత్యపరిచితం. శంషాబాదు విమానాశ్రయంలో 2008 మార్చి 23న రాకపోకలు ప్రారంభమైన నాటినుండి విమానాలను మనం వెలుపలినుండి చూస్తూనే ఉన్నాము. వాటి లోపల ఒక యంత్రం మరొక యంత్రానికి వార్త నందించే విధానం కూడ తెలిసికొనదగినదే.

ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 వంటి విమానాలలో ఈ సంభాషణ చాలవరకు 1977లో వెలువడిన ఆరింక్ 429 అనే ప్రమాణం ప్రకారం జరుగుతుంది. పెనవేసిన రెండు తీగలపై ఒక యంత్రం పలుకుతుంది. గరిష్ఠంగా 20 యంత్రాలు వింటాయి. తీగల మధ్య వోల్టేజి భేదం +10 అయితే 1, -10 అయితే 0. ప్రతి బిట్ తరువాత వోల్టేజి సున్నకు చేరుతుంది. ఇట్టి 32 బిట్లు వరుసగా నడిచి ఒక పదమవుతుంది. సెకనుకు 1,00,000 బిట్ల వేగంలో ఒక పదానికి పట్టే కాలం 320 మైక్రోసెకన్లు మాత్రమే. వోల్టుమీటరు ముల్లు ఇంతటి వేగాన్ని అనుసరించలేదు.

ఇచ్చటనే ఆసిలోస్కోపు అవసరం కలుగుతున్నది. 1897లో బ్రౌన్ నిర్మించిన కేథోడ్ కిరణ నాళం దీనికి మూలం. తెరపై అడ్డంగా కాలాన్ని, నిలువుగా వోల్టేజిని ఇది చిత్రిస్తుంది. గడికి 50 మైక్రోసెకన్లుగా అమర్చితే 10 గడులలో పూర్తి పదం ఇముడుతుంది. రెండు తీగలను రెండు మార్గాలకు కలిపి వాటి భేదాన్ని చూడాలి. పదానికి పదానికి మధ్య కనీసం 4 బిట్ల మౌనం ఉంటుంది. ఆ మౌనం తరువాతి తొలి తరంగం వద్ద చిత్రం నిలిచేటట్లు ట్రిగ్గరును సరిచేయాలి.

ఇక చదువుదము. మొదటి 8 బిట్లు వార్త పేరును తెలుపుతాయి. తెరపై 1 0 0 0 0 0 1 1 కనిపించినదనుకొందము. వీటిని 2, 3, 3 చొప్పున విభజిస్తే 10, 000, 011, అనగా 203. ఇది విమానపు ఎత్తును తెలిపే సంకేతం. పేరులో పెద్ద స్థానం ముందు వస్తుంది. తరువాతి విలువలో చిన్న స్థానం ముందు వస్తుంది. ఎడమనుండి తెలుగును, కుడినుండి ఉర్దూను చదివే మన విద్యార్థులకు ఇది వింత కాదు.

ఈ పదంలో 12వ బిట్ విలువ 1 అడుగు, 13వది 2, 14వది 4. ఇట్లు రెట్టింపవుతూ 26వ బిట్ విలువ 16,384 అడుగులవుతుంది. ఆ ఒక్క బిట్ తారుమారైతే ఎంతటి ప్రమాదమో ఊహించవచ్చును! అందుకే పదంలోని 1ల సంఖ్య ఎల్లప్పుడు బేసిగా ఉండునట్లు 32వ బిట్ కాపలా కాస్తుంది. అయితే ఒక బిట్ తప్పితే అది పట్టుకొంటుంది. రెండు తప్పితే పట్టుకొనలేదు.

నేటి ఆసిలోస్కోపులు ఈ లిపిని తామే చదివి తెరపై సంఖ్యలను చూపగలవు. కాని సంఖ్య తప్పును మాత్రమే చూపుతుంది. కారణాన్ని చూపేది తరంగం. అంచులు వాలినవా, ఎత్తు తగ్గినదా, నడుమ అలజడి చేరినదా అన్నది తరంగాన్ని పరిశీలించిన కంటికే తెలుస్తుంది. విమానాల మరమ్మతు కేంద్రం మన ముంగిటనే ఉన్నది. అట్టి చోట పనిచేయగోరే విద్యార్థి ఒక్కసారియైనను 32 బిట్లను కాగితంపై వ్రాసి, స్వయంగా విప్పి చదవడం అభ్యసించాలి.