ఆసు పోయు యంత్రము

మనిషి చేతికి బదులుగా పనిచేయు యంత్రహస్తములను గూర్చి నేడు తరచుగా వినుచున్నాము. 1961లో అమెరికాయందు జనరల్ మోటార్స్ కర్మాగారమున ప్రవేశించిన యూనిమేట్ అను యంత్రము, అచ్చులనుండి వెలువడిన వేడి లోహపు పోతలను పట్టి తీసెడిది. పట్టుట, విడుచుట, అంతే. వ్రేళ్ల నేర్పు దానికి లేదు.

ఆ నేర్పు ఎంతటిదో తెలియవలెనన్నచో నల్లగొండ సీమలోని నేతగాని యింటికి పోవలెను. పోచంపల్లి పట్టుచీరకు రంగు అద్దుటకు ముందు ఆసు పోయవలెను. ఒక మేకునుండి దారమును గొనిపోయి, ఎదుట అర్ధచంద్రాకారముగా నాటిన మేకులకు వరుసగా చుట్టి, మరల తేవలెను. ఒక్క చీరకు చేయి ఇట్లు సుమారు 9,000 మారులు సాగవలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000. ఇది యింటి ఆడువారి పని. చీర అందమును మెచ్చువారు అనేకులు గాని, ఈ భుజముల నొప్పిని తలచువారు అరుదు.

ఆలేరు సమీపమున శారాజీపేట నేతగాడు చింతకింది మల్లేశము తలచెను. ఆరవ తరగతితో చదువు మానిన ఆయన, తల్లి లక్ష్మి పడు బాధను చూడలేక 1992లో యంత్రము కట్ట నారంభించెను. దారమును మేకునకు చుట్టి తెచ్చు కదలిక ఏండ్ల తరబడి ఆయనకు చిక్కలేదు. 1999లో హైదరాబాదు బాలానగరులో విద్యుత్తు పనికి పోయినపుడు, అచటి యంత్రమొకటి కదలు తీరులో ఆ కిటుకు కనబడెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

విశేషమేమనగా, ఈ యంత్రమునకు వ్రేళ్లు లేవు. ఆయన చేతిని అనుకరింపలేదు, దారము నడచు త్రోవను అనుకరించెను. చేతినే అనుకరింపబూనినవారి పని ఇంతకంటె కఠినము. 1980 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞుడు సాలిస్‌బరీ రూపొందించిన హస్తమునకు మూడు వ్రేళ్లు, తొమ్మిది కీళ్లు. వానిని లాగునవి సన్నని తీగలు. మన వ్రేళ్లను ఆడించు కండలలోను పెక్కు ముంజేతియందే యున్నవి. కాని కదలిక వచ్చినంత మాత్రమున స్పర్శ రాదు. దారము వంగును, జారును, తెగును. ఎంత బిగువున లాగవలెనో మన వ్రేలికొనకు తెలిసినంత సులభముగా యంత్రమునకు తెలియదు.

ఆసు ముగిసిన పిమ్మట, నమూనా ననుసరించి దారపు పాయలకు రబ్బరు పట్టీలు బిగించి రంగులో ముంచుదురు. ఇదే చిటికి పని. కట్టు వదులైనచో రంగు లోనికి పారి పూవు చెదరిపోవును. ఆ కట్టు కట్టునవి నేటికిని అధికముగా మనుష్యుల చేతులే.